'ఆది' ఎవరిది?

కులసర్టిఫికెట్ల మీదుండే 'ఆది ఆంధ్ర'లో ఆ రెండక్షరాలు ఎక్కడివి? సంస్కృతంలో 'ఆది' అంటే మొదలు. (ఆదివారంలోని 'ఆది' వేరు, అది ఆదిత్యుడిది.) 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. 'పంచమ' అంటే నాలుగు వర్ణాలు లెక్కెట్టాక బయట మిగిలిన అంకె. ఆ లెక్కే వద్దు, ఈ నేల మొదటి బిడ్డలం మనమే అన్నారాయన. ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది. వాళ్ల సంస్కృతంతోనే వాళ్లని వెనక్కి నెట్టడం మాకు గొప్పగానే తోస్తుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును రికార్డులకెక్కించింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు కిందే.

అయితే మన ఉత్తరాంధ్రలో మాల, మాదిగలే కాదు, రెల్లి, పైడి కూడా ఉన్నారు. షెడ్యూల్డు కులాల జాబితాలో వాళ్ల వరసలు వేరు. జాబితాలో 'ఆది ఆంధ్ర'ది మొదటి వరసే గానీ, అది ఇంగ్లీషు అక్షరక్రమం పుణ్యం. 1997లో వర్గీకరణ చేసినప్పుడు రెల్లి, పైడి 'ఎ'లోకి వెళ్లారు, 'ఆది ఆంధ్ర' ఆఖరిదైన 'డి'లోకి. 2004లో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణ కొట్టేసింది. 2025లో మళ్లీ వచ్చినప్పుడు 'ఆది ఆంధ్ర'కి మాలలతో పాటు మూడో గ్రూపులో చోటు దొరికింది. మొదటి గ్రూపు రెల్లి, పైడిలదే.