ఇంకా ప్రాంతనామాలు – ప్రత్యామ్నాయ చరిత్ర కల్పన

1. ఉపోద్ఘాతం

చరిత్ర ఒకచోట మరో మలుపు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించి రాసే రచనలను ప్రత్యామ్నాయ చరిత్ర కల్పనలు అంటారు. 1532 నవంబరు 16న కాహమార్కాలో ఫ్రాన్సిస్కో పిజారో ఇంకా పాలకుడు అతవాల్పాను బంధించాడు. అలా జరగకపోయి ఉంటే? ఫ్రెంచి రచయిత లోరాఁ బినే 2019లో ప్రచురించిన 'సివిలిజేషన్స్' నవలలో అతవాల్పాయే సముద్రం దాటి లిస్బన్ చేరి, యూరప్‌లో అధికారం చేజిక్కించుకుంటాడు. ఇటువంటి రచనలకు నిజమైన పేర్లు నమ్మకాన్ని కలిగిస్తాయి. అయితే పేరు నిజమైనదైనంత మాత్రాన దాని వాడుక సరైనది కాదు. ఈ తేడాను మీరు ఇక్కడ తెలుసుకుంటారు.

2. నాలుగు సుయులు

'ఇంకా' అనేది మొదట దేశం పేరు కాదు. కుస్కో నుంచి పాలించిన వర్గానికీ, వారి రాజుకూ చెందిన పేరు అది. వారి రాజ్యం పేరు తవంతిన్‌సుయు. కెచువా భాషలో 'తవ' అంటే నాలుగు, 'సుయు' అంటే భాగం. మధ్యనున్న ప్రత్యయం ఆ నాలుగూ కలిసి ఒకటే అని తెలుపుతుంది.

కుస్కోకు వాయవ్యాన ఉన్నది చించాయ్‌సుయు. తీరప్రాంతపు చించా ప్రజల నుంచి దానికా పేరు వచ్చింది. జనాభా అక్కడే ఎక్కువ. తూర్పు, ఈశాన్యాల్లో అడవుల వైపు దిగేది అంతిసుయు. ఆగ్నేయంగా తితికాకా సరస్సు మీదుగా నేటి బొలీవియా, ఉత్తర చిలీ, వాయవ్య అర్జెంటీనాల వరకు సాగినది కొల్యాసుయు. విస్తీర్ణంలో ఇదే పెద్దది. నైరుతిలో అన్నిటికంటే చిన్నది కుంతిసుయు. ఈ పేరు వినగానే మీకు కుంతీదేవి గుర్తుకు రావచ్చు. ధ్వనిలో పోలిక తప్ప ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. పేర్ల పోలికను పట్టుకొని చరిత్ర అల్లే పొరపాటు మీరు చేయకండి.

3. పేరు ఎవరి చూపు?

కుస్కో కూడలి నుంచి నాలుగు దారులు నాలుగు సుయులకు సాగేవి. చించాయ్‌సుయు, అంతిసుయులను 'హనన్' అంటే పై భాగంగా, కొల్యాసుయు, కుంతిసుయులను 'హురిన్' అంటే కింది భాగంగా లెక్కించేవారు. కాబట్టి ఇవి కేవలం దిక్కుల పేర్లు కావు. కుస్కోలో నిలబడి లోకాన్ని చూసినవారు ఏర్పరచిన వరుస ఇది.

ఆ వరుసలో ఉన్నవారు తమను తాము అలాగే పిలుచుకున్నారని అనుకోరాదు. తితికాకా సమీపంలోని కొల్యాలు, లుపాకాలు ఇంకాల రాకకు ముందు పరస్పరం పోటీపడిన రెండు వేర్వేరు జాతులు. లుపాకాల నేల కూడా కొల్యాసుయులో చేరింది. పాలకుల లెక్కలో అది సౌకర్యం. ఆ నేల మీద ఉన్న లుపాకాకు మాత్రం అది పోటీదారు పేరును మోయడమే.

4. కల్పనలో పేర్లు

ఈ నాలుగు భాగాల నమూనాతో మరో లోకాన్ని ఊహించినవారిలో ఆండీస్ దేశీయుడే ఒకడున్నాడు. గ్వామన్ పోమా సుమారు 1615లో స్పెయిన్ రాజు మూడవ ఫిలిప్‌కు రాసిన సచిత్ర గ్రంథం నేడు కోపెన్‌హాగెన్ రాజ గ్రంథాలయంలో ఉంది. అందులోని ఒక చిత్రంలో పై భాగాన కుస్కో, దాని చుట్టూ నాలుగు పట్టణాలు ఉంటాయి. కింది భాగాన స్పెయిన్‌నూ అదే నమూనాలో, ఒక కేంద్రం, చుట్టూ నాలుగు పట్టణాలుగా గీశాడు. తన దేశాన్ని ఓడించిన రాజ్యాన్ని తన దేశపు కొలతతోనే కొలిచాడు.

ఇప్పుడు ఒక కల్పనను పరీక్షిద్దాం. అతవాల్పా నిలిచి, రాజధానిని ఉత్తరాన తుమిపంపాకు, అంటే నేటి ఈక్వడార్‌లోని క్వెంకా నగర స్థానానికి, మార్చాడనుకోండి. ఆ ఊరు చించాయ్‌సుయులోది. కేంద్రమే ఒక భాగంలోకి వెళ్ళాక ఆ పేర్లు పాత అర్థంతో నిలుస్తాయా? రచయిత ముందు రెండు దారులున్నాయి. తుమిపంపాను 'మరో కుస్కో'గా భావించి వరుసను కొత్తగా అమర్చవచ్చు. లేదా పాత పేర్లను ఉంచి, పాత కుస్కో గౌరవం ఇంకా చెల్లుతోందని చూపవచ్చు. ఏ ఆలోచనా లేకుండా 1900 నాటి పటంపై నాలుగు సుయులను నాలుగు ఆధునిక రాష్ట్రాలుగా గీస్తే మాత్రం అవి ఉత్త అలంకారాలుగా మిగులుతాయి.

ఇవి అంతరించిన పేర్లు కూడా కావు. పెరూలోని అరెకీపా ప్రాంతంలో కొందెసుయోస్ అనే ప్రావిన్సు నేటికీ ఉంది. బొలీవియాలో 1997లో ఏర్పడిన దేశీయ సముదాయాల జాతీయ మండలి తన పేరులోనే కొల్యాసుయును నిలుపుకుంది. భూమిపై, స్వపరిపాలనపై హక్కు కోరే ప్రజలకు ఆ పదం కథల్లోని దూరదేశం కాదు, వారి చిరునామా. అందుకే ఈ పేర్లను వాడే రచయితపై బాధ్యత ఉంది, చదివే మీపైనా ఉంది.

5. సారాంశం

సుయుల పేర్లు కుస్కోను కేంద్రంగా చేసుకున్న ఒక వ్యవస్థకు చెందినవి. కల్పనలో అవి కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: ఆ పేరుతో పిలుస్తున్నది ఎవరు? ఎక్కడ నిలబడి? ఏ కాలంలో? చరిత్ర గ్రంథాలు చదివేటప్పుడూ ఇవే ప్రశ్నలు మీకు ఉపకరిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తవంతిన్‌సుయు అనే పదాన్ని విడదీసి అర్థం వివరించండి.
2. లుపాకాల ఉదాహరణ ఆధారంగా, ప్రాంతనామం పాలకుల దృష్టిని ఎలా తెలుపుతుందో చర్చించండి.