ఎల్క్ గిట్టల వ్యాధి

ఎల్క్ గిట్టల వ్యాధి అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ ప్రాంతంలో ఎల్క్ అనే పెద్ద అడవి జింకలకు సోకే అంటువ్యాధి. దీనివలన జంతువు తీవ్రంగా కుంటుతుంది. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధికి కారణం వైరస్. ఇది బాక్టీరియా వలన కలిగే వేరొక వ్యాధి.

లక్షణాలు

మొదట గిట్టల నడుమ పుండ్లు ఏర్పడతాయి. క్రమంగా గిట్ట అతిగా పెరిగి వంకర తిరుగుతుంది, పగులుతుంది. ముదిరినపుడు గిట్ట పూర్తిగా ఊడిపోవచ్చును. మేతకు తిరగలేని జంతువు చిక్కి శల్యమవుతుంది.

కారణం

ట్రెపొనీమా ప్రజాతి బాక్టీరియాకు ఈ వ్యాధితో సంబంధం కలదు. ఇటువంటి బాక్టీరియాయే పాడిపశువులలోను, గొర్రెలలోను గిట్టల పుండ్లకు కారణమవుతున్నది. మానవులలో సిఫిలిస్ కలిగించే సూక్ష్మజీవిది కూడా ఇదే ప్రజాతి, కాని జాతి వేరు.

వ్యాప్తి

1990 దశకంలో వాషింగ్టన్ రాష్ట్రపు నైరుతి భాగంలో కుంటి ఎల్క్‌లు అక్కడక్కడ కనిపించినవి. 2008 నుండి వీటి సంఖ్య బాగా పెరిగినది. తరువాత ఆరెగాన్, ఇడాహో, కాలిఫోర్నియా రాష్ట్రాలలో కూడా వ్యాధి గుర్తించబడినది.

నివారణ

అడవి ఎల్క్‌లకు తగిన చికిత్స గాని, టీకా గాని లేదు. 2017లో వాషింగ్టన్ శాసనసభ పరిశోధన బాధ్యతను వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలకు అప్పగించినది. వ్యాధి సోకిన గిట్టల ముక్కలు కలిపిన మట్టి ద్వారా ఆరోగ్యవంతమైన ఎల్క్‌లకు వ్యాధి సంక్రమిస్తుందని అక్కడి ప్రయోగంలో తేలినది. రోగగ్రస్తమైన గిట్టలు ఒకచోటి నుండి మరొకచోటికి చేరితే వ్యాధి కొత్త మందలకు పాకగలదు. కనుకనే వేటగాళ్లు అటువంటి గిట్టలను వేటాడిన చోటనే వదిలివేయాలని వాషింగ్టన్ రాష్ట్రంలో గతంలో నిబంధన విధించబడినది.