నాలుగు దారుల కూడలిలో సంగీతోత్సవము

సంగీతసభకు పోవువారు సాధారణముగా మూడు విషయములు విచారింతురు: వాయించువా రెవరు, టిక్కెట్టు వెల యెంత, ప్రొద్దుపోయిన పిమ్మట ఇల్లు చేరుటకు బండి దొరకునా యని. ధర్మార్థము జరుగు సభ యైనచో నాలుగవ ప్రశ్న కూడ వేసికొనవలయును. మన మిచ్చు పైకము ఎవరికి చేరును? దానివలన వారికి కలుగు మేలెట్టిది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల ఉత్సవములలో క్రాస్‌రోడ్స్ గిటారు ఉత్సవ మొకటి. మద్యమునకును మత్తుమందులకును బానిసలైనవారి చికిత్సకు తోడ్పడుటకై 2004లో అమెరికా దేశమున డల్లాసు నగరమునందు ఇది ప్రారంభమైనది. ఆ నగరమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. బిడ్డలను చూచుటకై అచటికి పోయివచ్చు తలిదండ్రులును మన శ్రోతలలో నుందురు. ఇట్టి ఉత్సవమునకు పోదలచువారు టిక్కెట్టుకు ముందుగా దాని చరిత్రను సంపాదించుకొనుట మేలని మా యభిప్రాయము.

ధర్మార్థ సంగీతసభ లోకమునకు క్రొత్త కాదు. 1742 ఏప్రిల్ 13వ తేదీన డబ్లిన్ నగరమున హాండెల్ రచించిన 'మెస్సయ' అను గానకృతి తొలిసారి సభలో వినిపింపబడినది. ఆ రాబడిని చెఱసాలలోని ఋణగ్రస్తులకును రెండు వైద్యశాలలకును పంచిరి. 142 మంది అప్పులు తీరి చెఱ విడివడిరి. సభాభవనమున చోటు చాలదని నిర్వాహకులు ముందే ఒక ప్రకటన గావించిరి: స్త్రీలు వలయములు గల వెడల్పు పావడాలు ధరించి రావలదనియు, పురుషులు కత్తులు కట్టుకొని రావలదనియు. ఒక్కొక్క పావడా తగ్గినకొలది మఱియొక శ్రోతకు చోటు దొరకును. శ్రోతలు పెరిగినకొలది ఖైదీల ఋణము తఱుగును. సభకు పోవువారు చేసికొను ఏర్పాటు కూడ దానములో భాగమే యని ఆనాటివారు గ్రహించిరన్నమాట.

ఇక క్రాస్‌రోడ్స్ కథకు వత్తము. దీని స్థాపకుడు ఎరిక్ క్లాప్టన్. 1945లో ఇంగ్లండున సర్రే మండలములోని రిప్లీ గ్రామమున జన్మించి, అమ్మమ్మ యింట పెరిగెను. శనివారములందు పిల్లలకై ప్రసారమగు రేడియో కార్యక్రమమున అప్పుడప్పుడు అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలు ఆ బాలుని చెవిని పడుచుండెడివి. రేడియో ఇంటిలోనికి తెచ్చిన ఆ స్వరమే యాతని చేతికి గిటారు నిచ్చినది. ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఆయన పేరు రెండు ఖండములందు మారుమ్రోగెను.

1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు నగరమున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను విశాల భవనమునందు, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము రెండు సభలు జరిగినవి. తన జన్మజాతి పడుచున్న బాధ చూడలేక రవిశంకర్ గారు జార్జి హారిసన్‌తో మొఱపెట్టుకొనగా, ఆ మిత్రుడు వాద్యకారుల నెల్ల ఒకచోట చేర్చెను. రవిశంకర్ గారు అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా గార్లతో కూడి సభ నారంభించుచు, తమ సంగీతము సాగునంతసేపు పొగ త్రాగవలదని శ్రోతలను వినయముతో కోరిరి. ఆ వేదికమీదనే క్లాప్టన్ కూడ వాయించెను. కాని అప్పటికే ఆయన హెరాయిన్ అను మత్తుమందుకు వశుడై యుండెను. న్యూయార్కు చేరినది మొదలు మందు సరిగా దొరకక, నిలువ శక్తిలేని స్థితిలో వేదిక నెక్కెను. నిరాశ్రయులకై జరుగుచున్న సభలో, వాయించువారి నడుమనే, సహాయము కావలసిన మనుష్యు డొకడు నిలిచియుండెను. వేలకొలది జనులలో దానిని గుర్తించినవారు బహు కొద్దిమంది.

గుర్తించిన మిత్రులు ఊరకుండలేదు. 1973 జనవరి 13వ తేదీన పీట్ టౌన్షెండ్ అను వాద్యకారుడు పూనుకొని, లండన్ నగరమున రెయిన్‌బో నాట్యశాలయందు సభ ఏర్పరచి, ఇల్లు కదలని క్లాప్టన్‌ను మరల జనులయెదుట నిలిపెను. పిదప చికిత్సచే హెరాయిన్ విడిచెను గాని, దాని స్థానమును మద్యము ఆక్రమించినది. ఒక త్రాడు తెంచుకొని మఱియొక త్రాడున చిక్కుట ఈ వ్యాధిలో తఱచుగా కనబడు లక్షణము. 1982లో ఆయన అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున హేజెల్డెన్ అను చికిత్సాలయమున చేరెను. 1949లో స్థాపితమైన ఆ సంస్థ, 1935లో ఓహైయో రాష్ట్రములోని ఏక్రన్ నగరమున పుట్టిన 'ఆల్కహాలిక్స్ ఎనానిమస్' వారి మార్గమును అనుసరించినది. త్రాగుడు మానగోరు ఇద్దరు, ఒకరికొకరు తమ కథ చెప్పుకొనుటవలన నిలువగల్గుదురని కనుగొనుటయే ఆ మార్గమునకు మూలము.

ఇచట మనము ఒక్కక్షణము ఆగవలయును. చికిత్స పొంది వచ్చిన క్లాప్టన్ మరల త్రాగెను. కీర్తి, ధనము, మిత్రులు, వైద్యులు అన్నియు నుండియు పడిపోయెను. 1987లో మరల అదే చికిత్సాలయపు తలుపు తట్టెను. ఈసారి నిలిచెను. 1991లో నాలుగేండ్ల ముద్దుబిడ్డ మేడమీదినుండి పడి మరణించినప్పుడు సైతము మద్యము ముట్టలేదు. మొదటి చికిత్స విఫల మైనంతమాత్రమున మనుష్యుని వదలుకొనియుండినచో రెండవది యుండెడిదా? ఇంటిలో ఒకడు మాని మరల మొదలుపెట్టినప్పుడు, "ఇక వీడు బాగుపడ"డని తీర్మానించు కుటుంబములు మనలోను కలవు. అట్టివారు ఈ అయిదేండ్ల యెడమును గుర్తుంచుకొందురు గాక.

తనకు దొరకిన చికిత్స పేదవారికి దొరకునా యను చింత నుండి 1998లో కరీబియన్ సముద్రములోని ఆంటిగ్వా దీవియందు క్రాస్‌రోడ్స్ చికిత్సాలయము పుట్టినది. రుసుము చెల్లింపగల విదేశీయులతోపాటు, చెల్లింపలేని ఆ దీవుల ప్రజలకును చోటు కల్పింపవలెననుట దాని సంకల్పము. క్రాస్‌రోడ్స్ అనగా నాలుగు దారులు కలియు కూడలి. ఆ పేరు మిసిసిపీ బ్లూస్ గాయకుడగు రాబర్ట్ జాన్సన్ 1936లో రికార్డు చేసిన పాటను తలపించును. కూడలిలో సైతానుకు ఆత్మ నమ్ముకొని ఆతడు విద్య సంపాదించెనని ఒక కట్టుకథ కలదు. ఆ పేరునే ఆత్మను మరల విడిపించుకొను చోటికి పెట్టుట ఎంతయు సమంజసముగా నున్నది.

ఆసుపత్రి నడపుటకు ధనము కావలెను. 1999 జూన్ నెలలో న్యూయార్కున క్లాప్టన్ తన గిటార్లు నూరు వేలము వేయింపగా సుమారు 50 లక్షల డాలర్లు వచ్చినవి. అదే నెల 30వ తేదీన మాడిసన్ స్క్వేర్ గార్డెనునందే చికిత్సాలయపు సహాయార్థము సభ జరిగినది. 1971లో తాను రోగియై నిలిచిన భవనమున, ఇరువదియెనిమిదేండ్లకు, రోగులకొఱకు వాయించెను.

2004 జూన్ 4, 5, 6 తేదీలలో డల్లాసున తొలి ఉత్సవము. బి. బి. కింగ్, బడ్డీ గై వంటి పెద్దలు వాయించిరి. మన దేశమునుండి విశ్వమోహన్ భట్ గారు పాల్గొని, తాము గిటారునుండి రూపొందించిన మోహనవీణపై హిందుస్తానీ సంగీతము వినిపించిరి. ఉత్సవము ముగిసిన కొలదిదినములకే, ఆ నెల 24వ తేదీన, 'బ్లాకీ' అను గిటారు 9,59,500 డాలర్లకు వేలములో పోయినది. మూడు పాత గిటార్ల భాగములు కూర్చి క్లాప్టన్ స్వయముగా తయారుచేయించుకొన్న వాద్య మది.

పోదలచువారు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఇది మన తిరునాళ్ళవలె ఏటేట వచ్చునది కాదు. 2004 తరువాత 2007, 2010 సంవత్సరములలో చికాగో చెంతను, 2013లో న్యూయార్కునను, 2019లో మరల డల్లాసునను, 2023లో లాస్ ఏంజిల్సునను జరిగినది. కావున ప్రకటన వెలువడినదాక వేచి, పిదప ప్రయాణము నిశ్చయించుకొనవలెను.

మఱియొక ఏర్పాటు ఇంతకన్న ముఖ్యము. అమెరికా క్రీడాంగణములందు బీరు విక్రయము సామాన్యము. త్రాగుడు మానిన మనుష్యునికి ఆ వాసనయు, ఆ సందడియు పరీక్షయే. ఆ దేశమున 'గ్రేట్‌ఫుల్ డెడ్' బృందపు శ్రోతలలో మద్యము మానినవారు 1980ల ప్రాంతమున 'వార్ఫ్ ర్యాట్స్' అను సమూహముగా ఏర్పడి, సభ మధ్య విరామములో పసుపుపచ్చ బెలూనుల గుర్తు క్రింద కలిసికొనుట అలవాటు చేసికొనిరి. వేలమంది నడుమ ఆ బెలూను చూచి, తనవంటివాడు మఱియొకడు కలడని ఒక్కడు ధైర్యము తెచ్చుకొనిన చాలును. మీ వెంట అట్టి కుటుంబసభ్యు డుండినచో, ఎవరి ప్రక్కన కూర్చుండవలయునో, మనసు చలించినప్పుడు ఎటు లేచిపోవలయునో ముందే మాటాడుకొనుడు. సభ సగములో లేచిపోవలసివచ్చినను చిన్నబుచ్చుకొనకుడు. డబ్లిన్ నగరమున పావడా తగ్గించుకొని వచ్చిన స్త్రీలవలె, అతనితో కూడ లేచి నడచినవారును ఆ సాయంకాలము తమ వంతు దానము చేసినవారే.