మామూలు – హక్కు – ప్రగతి : మందస, ఉద్దానముల చరిత్రపై ఒక పరిశీలన

చరిత్రను పురోగమనకథగా వ్రాయుట మనకు పరిపాటియైనది. అందు జమీందారు గతించిన కాలమునకును, రైతు రానున్న కాలమునకును ప్రతినిధులు. ఈ కథ చాలవరకు సత్యమే. అయినను ఓడిన పక్షమువారి వాదమును దాని బలమైన రూపమున వినకయే తీర్పు చెప్పుట చరిత్రకారునకు తగదు. పలాస, టెక్కలి, ఉద్దాన ప్రాంతముల చరిత్ర ఇట్టి పరిశీలనకు అనువైనది.

జమీందారీ పక్షపు వాదము కేవలము స్వార్థభాషణము కాదు. 1802 నాటి 25వ రెగ్యులేషను జమీందారులను భూస్వాములుగా గుర్తించి, వారు చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించెను. ఒక ప్రభుత్వమిచ్చిన మాటను వేరొక ప్రభుత్వము త్రోసివేసినచో ఏ హక్కునకు భద్రత యుండునన్నదే ఆ వాదపు సారము. చిరకాలానుభవమే హక్కునకు పునాది యనియు, ఒక తరము తన తర్కబలముతో తరతరముల ఏర్పాటును కూల్చరాదనియు 1790లో ఎడ్మండ్ బర్క్ ఫ్రెంచి విప్లవమును విమర్శించుచు ప్రతిపాదించిన సిద్ధాంతము దీనికి దగ్గరగా నున్నది.

ఈ సూత్రమును అంగీకరించియే మందసకు పోవుదము. అడవినుండి వంటచెరకును, వ్యవసాయపు కలపను తెచ్చుకొనుట తమకు మామూలని అచ్చటి రైతుల వాదము. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ సభ మహాసభ జరిగెను. కొలది దినములకే, ఏప్రిల్ 1న, అప్పటి విశాఖపట్టణము జిల్లాలోని గుడారి రాజమణిపురమున రైతుల నిర్బంధమును గ్రామస్థులు అడ్డగింపగా పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ మొదలగువారు అసువులు బాసిరి.

ఇందు పూర్వాచారమును కోరినవారెవరు? రైతులే. జమీందారునకు ఆధారము కంపెనీ శాసనము. అది నాటికి 138 ఏండ్లది మాత్రమే. రైతు చెప్పుకొన్నది అనుభవసిద్ధమైన మామూలు. భూమి విషయమున 1938 నాటి ప్రకాశం సంఘపు నివేదికయు శాశ్వత పరిష్కారమునకు పూర్వమే రైతునకు గల హక్కును నిరూపింప యత్నించెను. కావున బర్క్ సూత్రము జమీందారునకంటె రైతునకే ఎక్కువగా చెల్లును.

1948 నాటి చట్టముచే ఎస్టేట్లు రద్దయి సేద్యపు భూములు రైత్వారీలోనికి వచ్చుట గొప్ప మేలు. అయితే అడవులు, బంజరులు సర్కారుకు సంక్రమించెను. మామూలు ప్రశ్న తీరలేదు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రమును తలపెట్టినప్పుడు అది మరల తలయెత్తెను. ప్రగతి పేరిట బీలను బంజరుగా లెక్కించిరి. రైతులు, మత్స్యకారులు దానిని నీటికి, మేతకు, చేపలకు ఆధారమనిరి. 2010 జూలై 14న కాల్పులలో ప్రాణనష్టము జరిగెను. ఆ దినముననే పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని రద్దుచేసెను. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను కాల్పులు జరిగినవి. వీరిని ప్రగతి విరోధులన్నచో గున్నమ్మను సైతము అట్లే అనవలసివచ్చును.

అంతమాత్రమున పూర్వాచారమెల్ల పూజ్యము కాదు. వెట్టియు మామూలే. ఉద్దానమును పీడించు మూత్రపిండవ్యాధికి పూర్వాచారమున మందు లేదు. 2023లో ప్రారంభమైన తాగునీటి పథకమును, పలాసలోని పరిశోధనాకేంద్రమును ఆధునిక విజ్ఞానమే ఇచ్చెను.

కావున మామూలు అన్నప్పుడు ఎవరి మామూలనియు, ప్రగతి అన్నప్పుడు ఎవరి నష్టముతోననియు అడుగుట పరిశోధకుని విధి. సంప్రదాయవాదిని శ్రద్ధతో చదువుట అతనికి లొంగుట కాదు. అతని కొలబద్దతో అతనినే కొలుచుటకు అదియే మార్గము.