బూచి – బర్గీ – అర్జునుని పది పేర్లు

నిద్రపోని బిడ్డను నిద్రపుచ్చుటకు మన తల్లులు రెండు సాధనములను వాడుచు వచ్చిరి. ఒకటి జోల, రెండవది బూచి. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన పిదప జోలకు పండితసభలలోను పీట దొరకినది. బూచికి అంత గౌరవము దక్కలేదు. అటకమీదనో, గాదె వెనుకనో, బావిచెంతనో దాని నివాసము. మా యింట అది అటకమీద ఉండెడిది.

బూచికి చరిత్ర కట్టినవారు లేకపోలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే తెలుగువారి నోట బూచి అయినదని చాలకాలముగా ఒక మాట వాడుకలో ఉన్నది. ఈ ఊహకు ఆకర్షణ ఉన్నది. 1753లో నిజాము సలాబతుజంగు తనను కాచుచున్న ఫ్రెంచి సైన్యము ఖర్చులకై ఉత్తర సర్కారులను బుస్సీ వశము చేసెను. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులలో శిస్తు వెంట ఫిరంగియు నడచినది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలినది. శత్రువుచేత చిక్కుట కంటె చావు మేలని కోటలోనివారు తమ ఆడవారిని, పిల్లలను తామే చంపుకొనిరి. ఆ నెత్తుటి నడుమ రంగారావు కుమారుని ఒక వృద్ధుడు దాచి, తండ్రి ఆనకు విరుద్ధముగ కాపాడితినని చెప్పి ఫ్రెంచి అధికారి యెదుట నిలిపెనని రాబర్ట్ ఆర్మ్ తన చరిత్రలో వ్రాసినాడు. అట్టి రాత్రి గడచిన నేలపై తల్లులు ఆ దొర పేరు చెప్పి బిడ్డలను జడిపించిరనిన ఎవరు కాదనగలరు?

అయినను ఈ వ్యుత్పత్తి నిలువదు. తమిళమున పెరియాళ్వారు తన తిరుమొళిలో బాలకృష్ణుడు ‘అప్పూచ్చి’ చూపి జడిపించు ఆటను ఒక పదికము నిండ పాడినాడు. ఆళ్వారు రమారమి తొమ్మిదవ శతాబ్దివాడు. బుస్సీ పుట్టినది 1720లో. తమిళ తల్లులు నేటికిని పిలుచు పూచ్చాండియు, మన బూచియు ఒకే ఇంటి మాటలని తలచుట సమంజసము. మనవారు బుస్సీని బూచి అని యుండవచ్చును. బుస్సీ వలన బూచి పుట్టలేదు.

ఆళ్వారు పాటలో నాకు నచ్చినది వేరొకటి. అక్కడ బూచి పెద్దల చేతిలో లేదు, బాలుని చేతిలో ఉన్నది. జడిపించువాడు వాడే, నవ్వువాడును వాడే. పదునారవ శతాబ్దమున కన్నడ దేశమున పురందరదాసు ఇంకొక అడుగు వేసినాడు. కన్నడమున బూచి పేరు ‘గుమ్మ’. గుమ్మని పిలువవద్దని చిన్నికృష్ణుడు తల్లిని వేడుకొనుట ఆయన కీర్తనకు వస్తువు. అల్లరి మానెదను, మన్ను తినను అని వాడు ఒడంబడికకు దిగును. ముల్లోకములను కడుపున దాచినవాడు గుమ్మనికి వెరచుట భక్తునకు లీల కావచ్చును. పిల్లలను పెంచినవారికి మాత్రము అది రాత్రి తొమ్మిది గంటల వేళ నిత్యము వినవచ్చు బేరమే.

చరిత్ర నిజముగ ఊయలలోనికి వచ్చిన చోటు వంగదేశము. నాగపురపు రఘోజీ భోంస్లే అశ్వదళములు 1741 మొదలు 1751 వరకు నవాబు అలీవర్దీఖాను రాజ్యముపై విరుచుకొని పడుచునే యుండెను. ప్రభువే గుఱ్ఱమునిచ్చి పోషించు రౌతునకు ‘బర్గీర్’ అని పేరు. వంగవాసుల నోట అది ‘బర్గీ’ అయినది. 1742లో కలకత్తా ప్రజలు తమ చుట్టు కందకము త్రవ్వుకొనిరి. పల్లెవారికి కందకము లేదు. వారు పిల్లలను చంకనెత్తుకొని పారిపోయిన తీరు గంగారాముని ‘మహారాష్ట్ర పురాణము’న చదువవచ్చును. ఆ బర్గీలు వంగ జోలపాటలో నిలిచిపోయిరి. దానిని పిల్లలను జడిపించు పాటయని అనేకులు చెప్పుదురు. నాకట్లు తోచదు. ఆ పాటలో బిడ్డ అప్పటికే నిద్రపోయినాడు, పేట సద్దుమణిగినది. అటుపిమ్మటనే బర్గీలు వచ్చిరను మాట, ధాన్యము పిట్టలు తినగా పన్ను ఎట్లు కట్టుదుమను దిగులు. బిడ్డ వినుచుండగా ఆ తల్లి ఆ మాట అనలేదు. బిడ్డ కన్నుమూసిన పిదప తన భయమును తాను చెప్పుకొన్నది. శిశుగేయములు చిన్న వస్తువులు కావని 1890లలోనే చెప్పి, వానిని సేకరించి, ‘లోకసాహిత్య’మున వానిపై వ్యాసములు వెలువరించిన రవీంద్రునకు మనమందరము ఋణపడియున్నాము.

ఇక బిడ్డ భయమునకు మందు. ఉరిమినపుడు ‘అర్జునా, ఫల్గుణా’ యని పది పేర్లు చదువని తెలుగు పల్లె లేదందును. పిడుగు ఇంద్రుని ఆయుధము, అర్జునుడు ఇంద్రుని కొడుకు. కనుక కొడుకు పేరు విని తండ్రి చేయి ఆపునని పెద్దల భాష్యము. కాని ఆ పేర్లు పుట్టిన సందర్భము ఇంకను గొప్పది. అవి తొలుత చెప్పబడినది ఒక భయపడిన పిల్లవానికే.

తిక్కన తెనుగు చేసిన విరాటపర్వమును తలచుకొనుడు. అంతఃపురమున ప్రగల్భములు పలికిన ఉత్తరుడు కౌరవసేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తినాడు. బృహన్నల వెంటబడి పట్టుకొన్నది. కౌరవులు నవ్విరి. శమీవృక్షము కడకు తోడ్కొనిపోయి ఎక్కుమన్నది. చెట్టున శవము కట్టియున్నదని విన్నాను, ఎట్లు తాకుదునని వాడు అడిగినాడు. అది శవము కాదు, విండ్లని చెప్పి, వానిచేతనే దింపించి, వానిచేతనే కట్టు విప్పించినది. విప్పగా లోన మెరయుచున్నవి ఆయుధములు. అప్పుడు వాడు ప్రశ్నలు అడుగ మొదలిడెను. నీవు అర్జునుడవైనచో నీ పది పేర్లు చెప్పుము, ఒక్కొక్కటి ఎట్లు వచ్చెనో చెప్పుమనెను. అర్జునుడు విసుగక చెప్పినాడు. ఆపై వానిచేతికి పగ్గములిచ్చినాడు. పారిపోయినవాడే సారథి అయినాడు.

1947లో మొదలైన ‘చందమామ’లోని బేతాళ కథలును ఈ తరగతివే. అక్కడను చెట్టున శవమే, చీకటే, శ్మశానమే. కాని బేతాళుడు ప్రశ్న వేయును. రాజుతో పాటు చదువు పిల్లవాడును జవాబు వెదకికొనును. జవాబు వెదకుకొనువానికి భయపడుటకు తీరిక ఉండదు.

భావనగరమున 1920లో బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా పిల్లలను బెదరించుటను, కొట్టుటను జీవితాంతము నిరసించినాడు. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు చీకటి భయము సహజమని నేటి బాలవైద్యులు చెప్పుదురు: ఊహ రెక్కలు విప్పినది, ఊహకు నిజమునకు నడుమ గోడ ఇంకను గట్టిపడలేదు. ఎగతాళి చేయవలదనియు, చిన్నదీపము ఉంచుమనియు, ప్రతిరాత్రి ఒకే క్రమమున పడుకొనబెట్టుమనియు, భయమును బిడ్డచేతనే చెప్పించుమనియు వారి సలహా. శమీవృక్షము క్రింద జరిగినది ఇంతకు చాల భిన్నము కాదు.

మా నాయనమ్మ రెండును చేసినది. అన్నము తినకున్న అటకమీది బూచిని పిలిచెడిది. ఉరిమినపుడు పక్కలోనికి తీసికొని అర్జునుని పేర్లు చెప్పెడిది. పేరు పేరునకు అర్థము అడిగెడివాడను. ఎవరికిని ఏవగింపు కలిగించు పని యుద్ధమున చేయనివాడు కనుక బీభత్సుడు, ఓడించక మరలనివాడు కనుక విజయుడు. విజయుడు ఏడవ పేరు. ఆ తరువాత మూడింటిని ఆమె నోట విన్న గుర్తు నాకు లేదు.