రోగనిరోధక జన్యువులు – దేహాకర్షణ: ఒక శాస్త్రీయ భావన చరిత్ర

కీలకపదాలు: రోగనిరోధక జన్యువులు, దేహగంధం, ముఖాకర్షణ, విషమయుగ్మజత, సహచర ఎంపిక.

1. ఉపోద్ఘాతం

మనుషుల మధ్య ఆకర్షణను రోగనిరోధక జన్యువులు నడిపిస్తాయన్న మాట మూడు దశాబ్దాలుగా ప్రజారంజక శాస్త్రరచనల్లో విస్తృతంగా ప్రచారంలో ఉంది. దీని ఆధారంగా జన్యుపరీక్షతో జంటలను కుదిర్చే వ్యాపారాలు కూడా వెలిశాయి. అయితే ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఎవరి వాసన ఇంపుగా తోస్తుంది? ఎవరి ముఖం అందంగా కనిపిస్తుంది? ఎవరు ఎవరిని పెళ్లాడతారు? ఈ మూడింటికీ పరిశోధన ఇచ్చిన సమాధానాలు ఒకటి కావు. ఆ భేదం క్రమంగా ఎలా బయటపడిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కణజాల మార్పిడి నుంచి ఎలుకల జతకూడిక వరకు

ఈ జన్యువులు మొదట వెలుగులోకి వచ్చింది ఆకర్షణ అధ్యయనాల్లో కాదు, కణజాల మార్పిడి ప్రయోగాల్లో. 1930లలో లండన్‌లో పీటర్ గోరర్, ఆ తర్వాత అమెరికాలో జార్జ్ స్నెల్ ఎలుకలపై చేసిన కృషితో ‘హెచ్-2’ జన్యుసముదాయం గుర్తింపు పొందింది. 1958లో ఫ్రాన్స్‌లో జాఁ దోసే మనుషుల తెల్లరక్తకణాలపై ఇటువంటి ప్రతిజనకాన్ని కనుగొన్నాడు. మానవులలో ఆరో క్రోమోజోమ్‌పై ఉన్న ఈ సముదాయాన్నే హెచ్.ఎల్.ఎ. అంటారు. దీని ప్రోటీన్లు సూక్ష్మజీవుల శకలాలను కణ ఉపరితలంపై ప్రదర్శించి, రక్షణ కణాలు వాటిని గుర్తించేలా చేస్తాయి. ఈ జన్యువుల్లో వైవిధ్యం అత్యధికం.

ఈ వైవిధ్యం ప్రతి ప్రాణికీ ప్రత్యేకమైన వాసననిస్తుందేమోనని 1970లలో లూయిస్ థామస్ ఊహించాడు. 1976లో న్యూయార్క్‌లో యమజాకి, బోయ్స్ బృందం దీనికి ప్రయోగాధారం చూపింది. హెచ్-2 ప్రాంతంలో తప్ప మిగతా జన్యువుల్లో ఒకేలా ఉండే ఎలుకలను పెంచి చూడగా, మగ ఎలుకలు చాలా సందర్భాల్లో తమకు భిన్నమైన హెచ్-2 గల ఆడ ఎలుకలతో జతకూడాయి. ఇందుకు రెండు వివరణలు వచ్చాయి. భిన్న జన్యువుల కలయికతో సంతానం మరిన్ని వ్యాధులను ఎదుర్కోగలుగుతుందన్నది ఒకటి; దగ్గరి రక్తసంబంధంలో సంకరం తప్పుతుందన్నది రెండవది.

3. వాసన

1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ బృందం ఈ ప్రశ్నను మనుషులపై పరీక్షించింది. 44 మంది పురుష విద్యార్థులు రెండు రాత్రులు ధరించిన టీషర్టులను 49 మంది విద్యార్థినులు వాసన చూసి అంచనా వేశారు. తమకు భిన్నమైన హెచ్.ఎల్.ఎ. గలవారి వాసన వారికి ఎక్కువ ఇంపుగా తోచింది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారిలో మాత్రం ఫలితం తారుమారైంది. ఈ రెండో అంశమే ప్రజల్లో ఎక్కువ ఆందోళన రేపింది.

కానీ ఆ ప్రయోగం మాత్రలు వాడేవారిని, వాడనివారిని పోల్చిందే తప్ప ఒకే స్త్రీలో వచ్చే మార్పును చూడలేదు. 2008లో క్రెయిగ్ రాబర్ట్స్ బృందం అవే స్త్రీలను మాత్రలు మొదలుపెట్టకముందు, తర్వాత పరీక్షించింది. మాత్రల వల్ల కొంత మార్పు కనిపించినా, భిన్న జన్యువుల వాసనపట్ల సాధారణమైన మొగ్గు కనిపించలేదు.

4. ముఖం

ముఖాకర్షణ విషయంలో కథ మరో దారి పట్టింది. 2005లో రాబర్ట్స్ బృందం ప్రచురించిన ఒక అధ్యయనంలో, మూడు కీలక జన్యుస్థానాల్లోనూ విషమయుగ్మజత గల పురుషుల ముఖాలను స్త్రీలు ఎక్కువ ఆకర్షణీయంగా భావించారు. వారి చర్మం కూడా ఆరోగ్యంగా ఉన్నట్లు ఎంచారు. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో స్త్రీలు తమను పోలిన జన్యువులున్న పురుషుల ముఖాలవైపే మొగ్గారు. ముక్కు ఒకటి చెబితే కన్ను మరొకటి చెప్పినట్లయింది. చూసేవారితో పోల్చి లెక్కించే భేదం వేరు, ఒక వ్యక్తిలోనే ఉండే వైవిధ్యం వేరు అన్న స్పష్టత ఇక్కడ అనివార్యమైంది.

5. వివాహం

1997లో కారోల్ ఓబర్ బృందం ఉత్తర అమెరికాలోని హటరైట్ దంపతులు 411 జంటలను పరిశీలించి, హెచ్.ఎల్.ఎ. పోలిక ఊహించినదానికన్నా తక్కువని తేల్చింది. అదే ఏడాది హెడ్రిక్, బ్లాక్ దక్షిణ అమెరికా ఆదివాసుల్లోని 11 తెగలకు చెందిన 194 జంటల్లో అటువంటి ఆధారం లేదన్నారు. 2020లో జర్మనీలో 3,691 దంపతులపై జరిగిన అధ్యయనంలోనూ, యాదృచ్ఛికంగా కూర్చిన జంటలకూ నిజమైన దంపతులకూ తేడా కనిపించలేదు.

వివాహాన్ని ఆకర్షణకు కొలమానంగా తీసుకోవడంలోనే ఒక చిక్కు ఉంది. పెద్దలు సంబంధాలు కుదిర్చే చోట, మేనరికం ఆచారంగా ఉన్న తెలుగు సమాజం వంటి చోట, దంపతుల జన్యు పోలిక బంధుత్వ నియమాలను చెబుతుందే గాని వ్యక్తి ఇష్టాన్ని చెప్పదు.

6. ముగింపు

ఈ భావన పూర్తిగా తప్పని చరిత్ర చెప్పడం లేదు. ఎలుకల్లో దానికి గట్టి ఆధారముంది. మనుషుల్లో వాసనపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో చేసిన గణాంక విశ్లేషణలో మాత్రం మొత్తంమీద ప్రభావం తేలలేదు. కొద్దిమందిపై వచ్చిన ఆసక్తికరమైన ఫలితం, పెద్ద సంఖ్యలో పరీక్షకు నిలవకముందే సిద్ధాంతంగా చలామణి అయింది. వాసన, ముఖం, వివాహం అనే మూడు ప్రశ్నలను విడివిడిగా అడిగినప్పుడే ఈ విషయంలో తెలిసినదెంతో, ఊహించినదెంతో వేరుచేయడం సాధ్యమవుతుంది.