కొలువు చేసుకుంటూ కానూను చదువు
(మన ప్రాంతములో దూరవిద్య నడిచి వచ్చిన దారి)

పసుపు అమ్మిన రైతు చేతికి వచ్చే మొదటి కాగితమును మన దగ్గర తక్‌పట్టీ అంటారు. బస్తాలు ఎన్ని, తూకము ఎంత, ధర ఎంత, కోతలు ఏమిటి అన్నది ఆ చిన్న చీటీలో ఉంటుంది. ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి చుట్టుపట్ల పండిన కొమ్ము, గోళ నిజామాబాదు యార్డుకు పోతుంది, లేదా మంచి ధర వస్తుందని లారీ ఎక్కి మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతుంది. సరుకు ఒక రాష్ట్రముది, కొన్నవాడు మరొక రాష్ట్రము వాడు, చెక్కు మూడవ ఊరి బ్యాంకుది. ఇదంతా నోటి మాట మీద నడుస్తున్నట్టు కనబడుతుంది గాని అడుగున ఉన్నది చట్టమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము, 1930 నాటి సరుకుల విక్రయ చట్టము, 1932 నాటి భాగస్వామ్య చట్టము, 2017 జూలై 1 నుంచి జి.ఎస్.టి. వకీలు సాబులు వీటిని చదువుతారు. గద్దె మీద కూర్చుని లెక్క రాసే గుమాస్తా మాత్రము చదవడు, అతనికి ఆ తీరిక ఎవరిచ్చారు?

ఈమధ్య మన సంఘ సభ్యుల పిల్లలు, మా దగ్గర చదువుకుని పోయినవారు కొందరు తరచుగా ఒక మాట అడుగుతున్నారు. ఒకరు కమీషను దుకాణములో, ఒకరు బ్యాంకులో, ఒకరు దుబాయిలో పని చేస్తున్నారు. "సార్, బిజినెస్ లాలో పీజీ ఆన్‌లైన్‌లో చేయవచ్చునంట, చేయమంటారా?" ఒక్క ముక్కలో అవును, కాదు అని చెప్పేది కాదిది. ఈ దారి ఎట్లా పడ్డదో, ఎక్కడ తలుపు తెరిచి ఉన్నదో, ఎక్కడ మూసి ఉన్నదో తెలిస్తే ఎవరికి వారే తేల్చుకుంటారు. అందుకని ఈ సంచికలో ఆ చరిత్రనే నాలుగు మాటలు రాస్తున్నాము.

కానూను చదువు మన వాళ్ళకు కొత్తది కాదు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి అని చెప్పే ఆయతే ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికన్న పొడుగైనదని మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. హైదరాబాదు రాజ్యములో 1880లలోనే కచేరీల భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారినది. 1917లో ఫర్మానా వెలువడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యములో మొదలయినది. దానికి తోడుగా నెలకొల్పిన అనువాద శాఖ, అదే దారుల్ తర్జుమా, ఇతర శాస్త్రాలతో పాటు న్యాయశాస్త్ర గ్రంథాలను కూడా ఉర్దూలోకి తెచ్చినది. ఒక భారతీయ భాషలో పై చదువంతా చెప్పవచ్చునని చూపించిన విశ్వవిద్యాలయమది. కాని ఆ చదువు పగటి చదువు, పట్నపు చదువు. ఆర్మూరులో దుకాణము చూసుకునేవాడు దుకాణము మూసి పట్నము పోయి ఉండగలిగితేనే దక్కేది.

1948 తరువాత రెండు మార్పులు వచ్చినవి. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారినది. 1951లో పార్లమెంటు చేసిన ఒక చట్టముతో భారత కేంద్ర చట్టాలు అనేకము పాత హైదరాబాదు రాష్ట్రానికి కూడా వర్తించినవి. ఉర్దూలో కానూను చదివిన తరము ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల ముందు కూర్చోవలసి వచ్చినది. ఆ దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదని మా అభిప్రాయము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవారికి ఇది రోజూ కనబడే సంగతి.

పని చేసుకుంటూ చదవటమనే ఆలోచనకు లోకములో వయస్సు ఎక్కువే. లండన్ విశ్వవిద్యాలయము 1858లోనే, తరగతికి రాకపోయినా పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీ ఇస్తామన్నది. మన దేశములో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము కరస్పాండెన్సు కోర్సులు ప్రారంభించినది. తెలుగు నాట 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1977లో ఉస్మానియా ఆ బాట పట్టినవి. పాఠాలు పోస్టులో వచ్చేవి. అయితే ఇంటరు పాసయినవాడికే అందులో చోటు. పదవ తరగతికి ముందే చదువు ఆగిపోయి పసుపు కల్లములోనో, బీడీ కార్ఖానాలోనో పడ్డవాడి సంగతి ఏమిటి?

ఆ ప్రశ్నకు జవాబు మన రాష్ట్రములోనే పుట్టినది, ఇది మనము కొంచెము గర్వముగా చెప్పుకోవలసిన విషయము. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములో అటువంటిది అదే మొదటిది. అంతకు ముందు ఉస్మానియాకు వైస్ చాన్సలరుగా పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డి దీనికి తొలి వైస్ చాన్సలరు. తరువాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టే పని కూడా ఆయనకే అప్పగించారు. ఇక్కడ అనుభవము అక్కడ పనికి వచ్చినదన్నమాట. 1991లో మన సార్వత్రికానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఇందులో అసలు కొత్తదనము ఎక్కడున్నది? పాత సర్టిఫికెట్టు ఏదీ లేకపోయినా, నిర్ణీత వయస్సు నిండి, అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్నారు. పుస్తకాలు తెలుగులో వేశారు. రేడియోలో పాఠాలు చెప్పించారు. సెలవు రోజుల్లో ప్రభుత్వ కళాశాలల్లో క్లాసులు పెట్టారు. నిజామాబాదు గిరిరాజ్ కళాశాలలో అధ్యయన కేంద్రము ఉండటముతో మన వైపు వారికి పట్నము పోయే పని తప్పినది. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రము దాకా క్లాసులు విని, మళ్ళీ బస్సులో నిలబడి ఇంటికి చేరి, మరునాడు కొలువుకు పోయేవారు ఎందరో. డిగ్రీ లేదని ప్రమోషన్ ఆగిపోయిన చిన్న ఉద్యోగులకు, పెళ్ళి తరువాత చదువు మానేసిన మన ఆడపిల్లలకు అది పెద్ద ఆసరా. ఉర్దూలో చదివినవారికి 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము వచ్చినది. అది కూడా మొదట దూరవిద్యతోనే పని మొదలుపెట్టినది.

మరి కానూను? ఇక్కడికి వచ్చేసరికి తలుపు మూసుకున్నది. వకీలు కావాలంటే ఎల్.ఎల్.బి. కావాలి, ఎల్.ఎల్.బి.కి కళాశాలలో కూర్చోవాలి. 2008 నాటి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారము క్లాసులు ఉదయము 8 నుంచి సాయంత్రము 7 లోపలే జరగాలి, వారానికి 30 గంటలు తగ్గరాదు. రాత్రి కళాశాలల కాలము దానితో పోయినట్టే. ఇంకొక షరతు కూడా ఉన్నది. ముందున్న అర్హతలు ఏవీ లేకుండా నేరుగా సార్వత్రిక పద్ధతిలో ఇంటరు గాని, డిగ్రీ గాని పొందినవారు లా కోర్సులో చేరటానికి అర్హులు కారు. సార్వత్రికము తెరిచిన దారిని ఈ షరతు ఒక మలుపు దగ్గర ఆపినది. చదువులో నాణ్యము ఉండాలన్న ఉద్దేశము మంచిదే. కాని దాని బరువు ఎక్కువగా బీదవాడి మీదనే పడ్డదని చెప్పక తప్పదు.

అయితే పక్కన ఒక కిటికీ తెరుచుకున్నది. కోర్టులో వాదించటము వేరు, వ్యాపారానికి కావలసిన చట్టము తెలుసుకోవటము వేరు గదా! 1980లలో బెంగుళూరులో మాధవ మీనన్ గారి నాయకత్వములో నేషనల్ లా స్కూలు ఏర్పడినది. ఆ సంస్థ దూరవిద్య విభాగము తరువాతి కాలములో మాస్టర్ ఆఫ్ బిజినెస్ లాస్ అనే 2 సంవత్సరాల పీజీ కోర్సు నడిపినది. ఏ డిగ్రీ చదివినవారైనా అందులో చేరవచ్చు, ఎల్.ఎల్.బి. అక్కరలేదు. బ్యాంకు ఉద్యోగులు, అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీల వంటివారి కోసము పుట్టిన చదువిది. 1998లో ఏర్పడి షామీర్‌పేటలో ఉన్న నల్సార్ కూడా పేటెంట్లు, సైబర్ చట్టాలు మొదలైనవాటిలో దూరవిద్య కోర్సులు పెట్టినది. పోస్టులో వచ్చిన పాఠాలే కాలము మారిన కొద్దీ ఫోనులోకి వచ్చినవి. 2020 కరోనా లాక్‌డౌనులో బడిపిల్లలు సైతము ఫోను ముందు కూర్చున్నాక, ఆన్‌లైను చదువంటే ఎవరికీ వింత లేకుండా పోయినది. 2022 సెప్టెంబరులో యు.జి.సి. మరొక ముఖ్యమైన మాట చెప్పినది. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలోగాని ఆన్‌లైనులోగాని ఇచ్చిన డిగ్రీ, మామూలు కళాశాల డిగ్రీతో సమానమే అన్నది.

ఇంతకూ ఈ చదువు వల్ల గద్దె మీద కూర్చునేవాడికి ఒరిగేదేమిటి? ఒక్క చెక్కు సంగతే తీసుకుందాము. చెక్కు తిరిగి వస్తే నేరమన్నది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1988లో సవరణ చేసి 138వ సెక్షను చేర్చారు, 1989 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చినది. చెక్కు తిరిగి వచ్చినట్టు తెలిసిన 30 రోజుల లోపల రాతపూర్వకముగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తరువాత అతనికి 15 రోజుల గడువు. అప్పటికీ ఇవ్వకపోతే నెల లోపల కోర్టుకు పోవాలి. ఈ లెక్క తెలియక "భాయ్, వచ్చే వారము ఇస్తాను" అన్న మాట మీద మూడు నెలలు గడిపినవారిని బజారులో ఎవరిని అడిగినా చూపిస్తారు.

కేసు ఎక్కడ వేయాలన్నది ఇంకా ఆసక్తికరమైనది. చెక్కు ఏ బ్యాంకు శాఖ మీద రాశారో ఆ ఊరి కోర్టులోనే వేయాలని 2014 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంటే సాంగ్లీ వ్యాపారి అక్కడి శాఖ మీద ఇచ్చిన చెక్కు తిరిగి వస్తే ఆర్మూరువాడు సాంగ్లీ చుట్టూ తిరగాలి. 2015లో పార్లమెంటు చట్టాన్ని సవరించినది. చెక్కును మన ఖాతాలో వేసుకున్నప్పుడు మన ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులోనే కేసు వేయవచ్చునన్నది. ఒక్క సవరణతో ఎన్ని బస్సు చార్జీలు, ఎన్ని పనిదినాలు మిగిలినవో ఆలోచించండి. అట్లాగే భాగస్వామ్యము. మన వాళ్ళల్లో అన్నదమ్ములు, బావమరుదులు కలిసి దుకాణము పెడతారు, రిజిస్ట్రేషను మాత్రము చేయించరు. 1932 చట్టము 69వ సెక్షను ప్రకారము రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ, తన ఒప్పందము మీద రావలసిన బాకీ కోసము బయటివారి మీద దావా వేయలేదు. బావమరిది మీద ఉన్న నమ్మకము ఖరీదుదారుని మీద దావాకు పనికి రాదు.

కష్టాలు కూడా చెప్పాలి. పసుపు బజారుకు వచ్చేది ముఖ్యముగా జనవరి, ఫిబ్రవరి మొదలు వేసవి దాకా. ఆ రోజుల్లో రాత్రి ఇషా నమాజు దాటినా దుకాణములో లెక్క తెగదు, అసైన్‌మెంటు గడువు మాత్రము ఆగదు. అంతకన్న పెద్ద కష్టము భాష. ఇంగ్లీషులో 'కన్సిడరేషన్' అన్న మాట చూసి మా విద్యార్థి ఒకడు 'ఆలోచన' అని రాసుకున్నాడు. కాంట్రాక్టు చట్టములో అది ప్రతిఫలము, ఉర్దూ కానూను పుస్తకాల్లో 'బదల్'. ఆ ఒక్క మాట ఉర్దూలో చెప్పగానే అతనికి పాఠమంతా విడిపోయినది. తెలివి తక్కువై వెనకబడ్డవాడు కాదతడు. మన సంఘములో ఇటువంటివారు నలుగురు కలిసి వారానికి ఒక రాత్రి కూర్చుని మూడు భాషల్లో మాటల పట్టిక తయారు చేసుకుంటే సగము బరువు దిగుతుంది. గది, దీపము సంఘము ఇవ్వగలదు.

ఇక డబ్బు కట్టే ముందు చూసుకోవలసినవి. మాస్టర్ ఆఫ్ బిజినెస్ లాస్ చదివినంత మాత్రాన నల్లకోటు రాదు, ఎల్.ఎల్.ఎం. అంటే అది కాదు. తమ అనుమతి లేకుండా ఆన్‌లైనులో, దూరవిద్యలో ఎల్.ఎల్.ఎం. నడపటము చెల్లదని బార్ కౌన్సిల్ 2025లో బహిరంగముగా హెచ్చరించినది. కాబట్టి లా అధ్యాపకుడు కావాలనుకున్నవారు ఆ దారిన పోవద్దు. వకీలే కావాలనుకుంటే లాసెట్ రాసి కళాశాలకే పోవాలి. 2006లో డిచ్‌పల్లిలో ఏర్పడిన మన తెలంగాణ విశ్వవిద్యాలయములోనే న్యాయ కళాశాల ఉన్నది. ఆన్‌లైను డిగ్రీకైతే ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యు.జి.సి. దూరవిద్య విభాగము అనుమతి ఉన్నదా అన్నది వారి జాబితాలో చూడాలి. ఏజెంటు చూపించే కాగితము చాలదు. 2024 నుంచి చేరేవారు తమ పేరున డి.ఇ.బి. ఐ.డి. కూడా తీసుకోవలసి ఉన్నది. గల్ఫులో ఉన్నవారు పరీక్ష ఎక్కడ రాయాలో, సెలవు దొరికే నెలకు అది కుదురుతుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకముగా అడిగి తెలుసుకోవాలి. కట్టిన ప్రతి పైసాకు రసీదు తీసుకుని దాచుకోవాలి.